బదులు దిగడానికి ఎవరూ లేని జట్టు

మొన్న పంజాగుట్టలో పంటి డాక్టరు దగ్గర దవడకి మత్తు సూది వేయించుకుని, అది ఎక్కేదాకా కాస్త బయట కూర్చోండమ్మా అంటే వచ్చి కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద టీవీ, దాని రిమోటు ఎవరి దగ్గరుందో ఆ దేవుడికే తెలియాలి, అందులో అమెరికా కాలేజీ కుర్రాళ్ళ ఫుట్‌బాల్ వస్తోంది. మనం కాలితో తన్నే ఆట కాదు, తలకి హెల్మెట్లు, భుజాలకి మెత్తలు కట్టుకుని, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట. పక్కనున్న పెద్దాయన ఇదేం ఆటండీ బాబూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డమేగా అని విసుక్కున్నారు. నోరు మొద్దుబారి మాట తిరగలేదు గానీ, తిరిగుంటే ఆ ఆట గురించి ఆయన వద్దు మహాప్రభో అనేదాకా చెప్పగలిగేదాన్ని. తెర మీద జట్టు ఎక్కడా ఆగకుండా, పడిన చోటి నుంచి లేచి మళ్ళీ వరసలో నిలబడి, అవతలి వాళ్ళకి ఊపిరి సలపనివ్వకుండా ఆడుతోంది. అలా ఆడితే గెలుస్తారా గెలవరా అన్న ప్రశ్న మీద ఒకప్పుడు అమీర్‌పేటలో మా అయిదుగురి అన్నం ఆధారపడి ఉండేదంటే ఎవరు నమ్ముతారు!

మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో అమీర్‌పేటలో మేడలు కనపడేవి కావు, మేడల మీద కోర్సుల బోర్డులు మాత్రమే కనపడేవి. ఏ బస్సు ఆగినా సంచి నిండా జిరాక్సు కాగితాలతో పిల్లలు బిలబిలా దిగేవారు, ఏ సందులో తిరిగినా హాస్టల్ సాంబారు వాసన వచ్చేది, ఎవరిని పలకరించినా ఏం నేర్చుకుంటున్నావు అనేవారే తప్ప ఎలా ఉన్నావు అనేవారు కాదు. నేనూ తెనాలి నుంచి వచ్చి, మధురానగర్‌లో మా అక్క ఇంట్లో ఉంటూ, ఏదో కోర్సు చేసి, అది చేతికొచ్చేసరికి దానికి గిరాకీ పోయి, ఉసూరుమంటూ కూర్చున్నదాన్నే. అప్పుడు మా అక్క భర్త, మా బావగారు, ఉన్న ఉద్యోగం మానేసి, జిరాక్సు దుకాణం పైన రెండో అంతస్తులో ఒక పొడుగాటి గది తీసుకుని సొంతంగా ఆఫీసు పెట్టారు. ఉన్నదల్లా ఒక్క ఖాతాదారు, అమెరికాలో ఎక్కడో ఒక చిన్న కాలేజీ ఫుట్‌బాల్ జట్టు కోచ్.

పని చెప్పుకుంటే చాలా తేలిక. వాళ్ళు శనివారం ఆడిన ఆట వీడియో మనకి ఆదివారం పొద్దునకి వచ్చేది. ఆ ఆట ఒక విడత కొన్ని క్షణాలే సాగుతుంది, ఆ తర్వాత జట్టంతా గుంపుగా చేరి, తలలు దగ్గరపెట్టుకుని, తరవాతి విడతలో ఎవరు ఎటు పరుగెత్తాలో చెప్పుకుని, మళ్ళీ వరస కడతారు. మేము విడతకీ విడతకీ మధ్య ఉన్న ఖాళీనంతా కత్తిరించి పారేసి, ఆట నడిచిన ముక్కల్ని మాత్రం అతికించి, ఏ విడతలో ఏమైందో పక్కన రాసి, సాయంత్రంలోగా పంపాలి. కోచ్‌కి టైము కలిసొస్తుంది, ఫైలు సైజు తగ్గి మా నత్తనడక ఇంటర్నెట్‌లోనూ పోతుంది. దాడి చేసే పదకొండు మంది వేరు, అవతలి వాళ్ళని అడ్డుకునే పదకొండు మంది వేరు గనుక మేమూ అలాగే పంచుకున్నాం. దాడి భాగం ఇద్దరు కుర్రాళ్ళకి, అడ్డుకునే భాగం నాకు, అందరి పనీ సరిచూసి పంపడం సిరిసిల్ల నుంచి వచ్చిన ఒకాయనకి. ఆయన్ని నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. వాళ్ళింట్లో మరమగ్గాలు ఉండేవి, ఆ చప్పుడు చెవుల్లోంచి పోలేదేమో, పక్కవాడితో మాట్లాడినా వీధి చివరికి వినిపించేది.

ఆ ఏడు ఆ కోచ్‌కి ఒక పట్టుదల పట్టుకుంది. గుంపు కట్టడం మానేస్తాడట. మైదానం గీత బయట నుంచి చేతి సైగలతోనే చెబుతాడు, కుర్రాళ్ళు పడిన చోటి నుంచి లేచి వెంటనే ఆడాలి, అవతలి వాళ్ళు తేరుకునే లోపల బంతి దాటిపోవాలి. పెద్ద పెద్ద కాలేజీల్లో కొందరు మొదలుపెట్టారు గానీ, చిన్న కాలేజీలకి ఇది ఒప్పదని అక్కడ అందరూ ఆయన్ని వేళాకోళం చేశారట. ఈసారి గెలవకపోతే తనని పంపించేస్తారని ఆయనే ఫోన్లో బావగారికి చెప్పాడు. ఆయన పోతే మా పని పోయినట్టే. అలా మేము, జన్మలో ఆ బంతిని ముట్టుకోని వాళ్ళం, ఆదివారం పొద్దున్నే తలంటుకుని ఆ జట్టు గెలవాలని దణ్ణం పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళేవాళ్ళం. మా అక్కయితే బల్కంపేట అమ్మవారికి మొక్కుకుంది కూడాను, ఆ జట్టు పేరు నోరు తిరక్క మా ఆయన జట్టు అని మొక్కుకుందట!

మొదట్లో వాళ్ళు గెలిచారు. గెలిచారో లేదో, మా బావగారికి పూనకం వచ్చింది. పని మొదలెట్టే ముందు మా ఆఫీసులో ఒక అలవాటుండేది, అందరం బల్ల చుట్టూ నిలబడి, కింద హోటల్ నుంచి తెచ్చిన చాయ్ తాగుతూ, ఎవరు ఏ భాగం తీసుకోవాలో, కిందటివారం ఏం తప్పు చేశామో చెప్పుకునేవాళ్ళం. ఆయన దాన్ని తీసేశారు. ఆ కుర్రాళ్ళే ఆగకుండా ఆడుతుంటే మనకి ఈ చాయ్ ముచ్చట్లేంటి, వచ్చిన వాళ్ళు వచ్చినట్టు కూర్చోండి అన్నారు. కూర్చున్నాం. ఆ వారమే దాడి చూసే కుర్రాళ్ళిద్దరూ ఆటలోని నాలుగు వంతుల్లో ఒకే వంతుని రాసి, ఇంకో వంతుని గాలికొదిలేస్తే, పంపబోయే ముందు సిరిసిల్ల అన్న చూసి, గీ మూడో వంతు ఏడ బోయింది రా నాయనా అని కేకేశాడు. ఆ రోజు అందరం అన్నాలు మానేసి అది పూర్తి చేశాం. అయినా బావగారి మనసు మారలేదు.

రోజులు గడిచేకొద్దీ నా భాగంలో ఒక సంగతి కనపడసాగింది. ఆ వేగం పారినంత సేపూ కన్నులపండువే. పారలేదనుకోండి, బంతి చిటికెలో అవతలి వాళ్ళకి పోతుంది, అప్పుడే వచ్చి బెంచీ మీద కూలబడ్డ మా అడ్డుకునే కుర్రాళ్ళు నీళ్ళు గుటకేసే లోపల మళ్ళీ లేవాలి. లేచేవారు. విడతకీ విడతకీ మధ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడేవారు. ఒకడైతే పక్కవాడి భుజం పట్టుకుని గానీ నిటారుగా నిలబడేవాడు కాదు. అదంతా ఖాళీ సమయం గనుక నేను కత్తిరించి పారేసేదాన్ని, నా ఉద్యోగమే అది. చివరికి కోచ్‌కి చేరే వీడియోలో వాళ్ళు ఎప్పుడు చూసినా పరుగెత్తుతూనే ఉండేవారు. అంటే, మేము శుభ్రంగా చేసిన పని వల్లే ఆయనకి తన పిల్లల అలసట కనపడకుండా పోతోందన్నమాట, నాకు అప్పటికి అర్థమైంది అదే.

సిరిసిల్ల అన్నకి చూపించాను. ఆయన కుర్చీ నా పక్కకి జరుపుకుని చాలాసేపు చూసి, అయ్యో, నిలబడే నిద్ర పోతున్నరు గదా చెల్లె, గిది ఆయనకు చూపియ్యకుంటే ఎట్ల, జర దమ్ము తీసుకోనియ్యాలె గదా అన్నాడు. అప్పుడాయన భార్య తొలి కాన్పుకి సిరిసిల్లలో ఉంది, ఇవాళో రేపో అన్నట్టుంది, ఈయనేమో ఆదివారం వదిలి వెళ్ళలేక, సోమవారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి బుధవారానికి తిరిగొస్తున్నాడు. సెలవడగరాదా అంటే, నా పని చూసెటోళ్ళు ఎవరున్నరు చెల్లె, ఏం ఫికర్ లేదు అనేవాడు. ఫికర్ లేనివాడు ఫోను చేతిలోంచి దించేవాడు కాదు.

బావగారు ఒప్పుకోలేదు. వాళ్ళు అడగనిది మనమెందుకు పంపాలమ్మాయ్, గెలుస్తున్నాననుకుంటున్న మనిషి ఉత్సాహం మీద నీళ్ళు చల్లితే మనకేంటి లాభం అన్నారు. ఆయన భయం నాకు తెలుసు, మా అక్క నగలు ఏమయ్యాయో కూడా తెలుసు. అయినా అన్న వదలలేదు, సార్ జర చూడండ్రి, మీరే చూడండ్రి అని ఆయన్ని నా తెర ముందు కూర్చోబెట్టాడు. బావగారు చూశారు. ఆ భుజం పట్టుకున్న కుర్రాణ్ణి ఇంకోసారి వెనక్కి తిప్పి చూశారు. లేచి, సరే పంపండి, ఆయన తిడితే మీరిద్దరే పడండి అన్నారు. నేను ఆ ఆదివారం ఆటలో ఒక వంతుని ఏమీ కత్తిరించకుండా, ఉన్నదున్నట్టు పంపాను.

సోమవారానికి జవాబొచ్చింది. బావగారు దాన్ని పైకి చదివి, మా ఇద్దరు కుర్రాళ్ళ కోసం తెలుగులో కూడా చెప్పారు. పిల్లలు అలిసిపోయారని నాకు తెలుసు, వాళ్ళని నేను గీత పక్కనే నిలబడి చూస్తూనే ఉన్నాను, వాళ్ళ బదులు దింపడానికి నా దగ్గర ఇంకెవరూ లేరు. అంతే రాశాడు కోచ్. తిట్టలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు. సిరిసిల్ల అన్న నవ్వి, గాయన సుత మన సార్ లెక్కనే ఉన్నడు అన్నాడు. బావగారికి కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. అన్న వైపు చూసి, నువ్వు ఇవాళ వెళ్ళు, వచ్చే ఆదివారం రావద్దు, కాన్పు అయ్యాకే రా, నీ పని నేను చూస్తాను అన్నారు. కుర్రాణ్ణి పిలిచి చాయ్ చెప్పి రమ్మన్నారు, అందరికీ.

ఆ ఆదివారం బావగారే సరిచూడ్డానికి కూర్చున్నారు, మహానుభావుడు ఆఫీసు నడపడమే గానీ ఏనాడైనా పని చేస్తేగా, ప్రతిదానికీ ఇదేంటమ్మాయ్ అదేంటమ్మాయ్ అని నా ప్రాణం తీశారు. అది ఆ ఏడు జట్టుకి ఆఖరి ఆట. చాలాసేపు మనవాళ్ళే ముందున్నారు. చివర్లో మూడుసార్లు వేగం పారలేదు, మూడుసార్లూ నా భాగంలో పిల్లలు లేచారు, ఆఖరిసారి అవతలి వాడు బంతి పట్టుకుని వాళ్ళ పక్కనుంచి మామూలుగా నడిచినట్టే వెళ్ళిపోయాడు, వీళ్ళు తిరిగి చూడ్డమే గానీ కాళ్ళు కదపలేకపోయారు. ఆ ముక్కని అతికించి, పక్కన రాయాల్సింది రాసి, సరిచూడమని బావగారికి ఇచ్చాను. ఆయన చూస్తుండగానే సిరిసిల్ల నుంచి ఫోనొచ్చింది, ఆడపిల్ల, తల్లీ బిడ్డా బాగున్నారు. మంచిదయ్యా, చాలా మంచిది, నువ్వు అక్కడే ఉండు అన్నారు బావగారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

కోచ్‌ని తీసేశారు. కొత్తగా వచ్చినాయనకి ఆయన మనుషులు ఆయనకున్నారు. గది ఖాళీ చేసిన రోజు వైర్లన్నీ చుట్టి అట్టపెట్టెలో సర్దింది నేనే, కిందకి మోసింది సిరిసిల్ల అన్న. మా అక్క ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఏమీ అనిపించలేదు. తర్వాత వస్తుందేమో, ఒంటరిగా ఉన్నప్పుడు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఇన్నేళ్ళయింది, ఇది రాస్తున్నప్పుడు కూడా వేరెవరికో జరిగింది రాస్తున్నట్టే ఉంది. దాన్ని ఏమంటారో నాకు తెలియదు.

ఆ వేగం ఆట గెలుస్తుందా అని అప్పుడెవరైనా అడిగితే ఏం చెప్పేదాన్నో గానీ, ఇప్పుడైతే గెలుస్తుందనే చెబుతాను. అమెరికా అంతా అలాగే ఆడుతోంది. కాకపోతే మొన్న టీవీలో చూశానుగా, గీత పక్కన హెల్మెట్లు పెట్టుకుని ఇంకో జట్టుకి సరిపడా పిల్లలు సిద్ధంగా నిలబడున్నారు, ఒకడు వంగితే చాలు, ఇంకొకడు పరుగున దిగుతున్నాడు. అమీర్‌పేట కూడా అలాగే అయింది కదా. ఆ తర్వాత నేను బేగంపేటలో పెద్ద ఆఫీసులో చేరి, చాలా కాలం చేసి, మంచి పేరే తెచ్చుకుని, ఒకరోజు మానేస్తానని చెబితే, మా మేనేజరు ఎంతో మర్యాదగా, మీరేం టెన్షన్ పడకండి మేడమ్, మీ సీటులోకి మనిషి రెడీగా ఉన్నారు అన్నాడు. మంచి మాటే అన్నాడు, పాపం. ఆ చిన్న గది రోజుల్లో ఒంట్లో జ్వరమున్నా మెట్ల కమ్మీ పట్టుకుని రెండంతస్తులూ ఎక్కేదాన్ని, నేను వెళ్ళకపోతే పని ఆగిపోతుంది గనుక, ఇదేం ఖర్మరా అని తిట్టుకుంటూ ఎక్కేదాన్ని. మళ్ళీ ఎక్కడా, నేను వెళ్ళకపోతే ఏదీ ఆగలేదు.