బోరు పైపు కంబం

అనంతపురం పిల్ల తెరచాప పడవల పందేల్లో ఉందంటే నవ్వనివాళ్ళు లేరు. "తాగేదానికి నీళ్ళు లేవు గానీ పడవలంట!" అని మా మేనత్త ఊరంతా చెప్పుకుని నవ్వింది. నవ్వితే నవ్వనీ. కాలవ నీళ్ళొచ్చి బుక్కరాయసముద్రం చెరువు నిండిన ఏడాది, నౌకాదళంలో పనిచేసి రిటైరైన ఒక సారు ఎవరో పక్కన పడేసిన పాత పందెం పడవలు లారీలో తెచ్చి చెరువులో దించాడు. చుట్టుపక్కల పిల్లలకు ఊరికే నేర్పించాడు. నేర్చుకున్నవాళ్ళలో నేనొకదాన్ని. నీళ్ళకు కరువు గానీ గాలికి మా దగ్గర ఏ ఏడూ కరువు లేదు.

ఎంపిక పోటీలు ఆషాఢంలో మా చెరువులోనే పెట్టారు. ఎంపికైతే సముద్రం ఒడ్డున శిక్షణ, హాస్టల్లో తిండి, ఆ తర్వాత క్రీడల కోటాలో ఉద్యోగం. కాకపోతే రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పని. మా అక్క అప్పటికే అక్కడ కుడుతోంది, వెన్నునొప్పితో ఆదివారమంతా పడుకునే ఉంటుంది. వయసు ప్రకారం నాకు అదే ఆఖరి అవకాశం.

సరిగ్గా అప్పుడే నా పడవ కంబం విరిగింది. ఆ కంబం రెండు ముక్కలుగా ఉంటుంది. కింది ముక్క పడవ మధ్యలో ఉన్న గుంతలో నిలబడుతుంది, పై ముక్క దాంట్లోకి దూరుతుంది, రెంటికీ కలిపి తెరచాప తొడుగుతాం. విరిగింది కింది ముక్క. అల్యూమినియం గొట్టం, ఎన్నో ఏళ్ళు సముద్రపు ఉప్పు తిన్నది, ఎప్పుడో పుచ్చిపోయి ఉంటుంది. కొత్తది చెన్నై నుంచి రావాలి. పోటీలోపల రాదన్నారు.

వెదురు చూద్దామని సారు నన్నూ నాయననూ టౌనులో కట్టెల అడితికి తీసుకుపోయాడు. ఒక లావుపాటి వెదురును గోడకానించి, మీద బరువేసి నొక్కాడు. అది కొంచెం వంగి మళ్ళీ నిటారుగా అయ్యింది.

"ఇట్లుండల్లన్నా. గాలి గట్టిగా కొట్టినప్పుడు కంబం వంగల్ల. వంగితే ఆ దెబ్బ పడవ మీద పడదు," అన్నాడు సారు.

నాయన మొహం చిట్లించాడు. "వంగేదాన్ని నమ్ముకోని బిడ్డను నీళ్ళలోకి తోలల్లనా సారూ? ఏం మాటప్పా ఇది!"

నాయన బాధ నాకు తెలుసు. మా సేద్యమంతా బోర్ల మీద. మోటారు దించేటప్పుడు పైపుల్లో ఒక్కటి వంకరున్నా మోటారు లోపలే ఇరుక్కుంటుంది, బోరు పోయినట్టే. మాకు ఒక బోరు అట్లే పోయింది, నీళ్ళు ఉండి కూడా. అప్పట్నుంచి వంగేది ఏదైనా ఆయనకు పగవాడే. ఇంటికి దూలమైనా, మంచానికి కోడైనా, వంగిందంటే తీసి అవతల పారేసేవాడు.

వెదురు కొనకుండానే ఇంటికొచ్చాం. ఆ ఎండాకాలమే మా ఆఖరి బోరు ఎండిపోతే బయటికి తీసిన ఇనుప పైపులు దొడ్లో పడి ఉన్నాయి. నాయన వాటిని ఒక్కొక్కటే బండ మీద దొర్లించాడు. పానాతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. ఒక చివర కన్ను పెట్టి రెండో చివర దాకా చూశాడు. తుప్పు పట్టినవి, వంకర ఉన్నవి పక్కకు తన్నేసి, చివరికి ఒకదాన్ని పట్టుకుని పిలిచాడు.

"సూడు పాపా. ఇంత నిటారుగా దేవుడు గూడా ఉండడు."

కొలతకు కోయించి, గుంతలో కదలకుండా సైకిలు ట్యూబు చుట్టాడు. పై ముక్క దాంట్లోకి అచ్చం కొలిచి చేసినట్టు దిగింది. సారు దాన్ని ఎత్తి చూశాడు.

"శానా బరువుండాదన్నా."

"బరువుంటేనే గదా సారూ నిలబడేది!"

సారు నావైపు తిరిగాడు. "పడవ నడిపేది నువ్వు. నువ్వు చెప్పు పాపా."

సారు మాటే నిజమని నాకు తెలుసు. కానీ ఆ పైపులు బయటికి తీసిన రోజు నాయన అన్నం ముట్టలేదు. ఇంక సేద్యం లేదని ఆ రోజే ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఆ మనిషి ఆ పైపుల్లోంచే ఒకటి ఏరి కూతురి చేతిలో పెడుతుంటే వద్దనే నోరు నాకు లేదు. ఈరోజు అడిగినా లేదు. ఇదే పెడదాం సార్ అన్నాను.

పోటీ రోజు నాయన పైపుకు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాడు. "బోరేసినప్పుడల్లా ఇదే పూజ గదా, ఏం ఒరిగినాది?" అని అమ్మ గొణిగింది. అమ్మ నోరు అంతే, చేదుగా ఉన్నా అబద్ధం చెప్పదు.

మొదటి చుట్టు ముందరే ఉన్నాను. రెండో చుట్టులో కట్ట వైపు నుంచి పెద్ద గాలి విసిరింది. నా పక్కన వస్తున్న పడవల కంబాలు జొన్న దంట్లలా వంగాయి, గాలి జారిపోయింది, పడవలు సాగిపోయాయి. నాది వంగలేదు. కాళ్ళ కింద టెంక పగిలినట్టు చప్పుడైంది. కంబం నిలబడిన గుంత అంచు దగ్గర్నుంచి పడవ చీలిపోయింది. ఒక్కసారిగా ఒరిగింది, ఇనుము బరువుకు తలకిందులైంది. పైపు ఊడి చెరువు అడుక్కు పోయింది. చొక్కా మీద లైఫ్ జాకెట్టు ఉండబట్టి నేను తేలాను. మిగతా పడవలు నన్ను దాటి పోతుంటే బోర్లాపడ్డ పడవను పట్టుకుని గట్టిగా ఏడ్చాను.

నన్ను ఒడ్డుకు తెచ్చేసరికి నాయన పంచె తడుస్తున్నా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు.

"పైపు ఇరిగినాదా పాపా?"

"లేదు నాయనా."

"వంగినాదా?"

"వంగలేదు."

ఆయన ఊపిరి వదిలాడు. "అట్లయితే పడవే పుచ్చుది. మన పైపు తప్పేం లేదు." సారు ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. నేను సారు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. సారు పోయి పగిలిన పడవను ఒడ్డుకు లాగాడు.

నేనిప్పుడు రాయదుర్గంలో అక్క పక్క మిషను మీద కుడుతున్నాను. తర్వాత ఒక ఎండాకాలం చెరువు అడుగంటితే, నెర్రెలిచ్చిన బురదలో ఆ పైపు కనబడిందని ఎవరో చెప్పారు. నాయన పోయి తవ్వి, ఆటోలో వేసుకొచ్చి మేకల కొట్టానికి గుంజగా పాతాడు. ఆదివారం నేను ఇంట్లో ఉన్నప్పుడు ఎవరన్నా వస్తే చాలు, దాన్ని చేత్తో తట్టి మొదలుపెడతాడు.

"పడవ ముక్కలైపాయె గానీ ఇది రవ్వంత వంగలేదప్పా. అవునా కాదా పాపా?"

ఒళ్ళు మండిపోతుంది. అది వంగనందుకే పడవ పగిలిందని ఎన్నిసార్లో నోటి దాకా వచ్చింది. ఆయన మొహం చూస్తాను. "అవును నాయనా" అని, సంచి తీసుకుని రాయదుర్గం బస్సుకు పోతాను.