సుత్తి కింద డాంగిల్

ఇంట్లోవాళ్ళు అతన్ని దుర్వాసుడనే పిలుస్తారు. తీగ లేకుండా, నలుసంత కరెంటుతో కబుర్లు మోసే గోరంత డాంగిల్‌ను కంప్యూటర్‌కు గుచ్చుతాడు. అది పలక్కపోతే పళ్ళు పటపట కొరుకుతాడు, గోడను గుద్దుతాడు. పిడికిలి మీద ఎప్పుడూ పక్కు కట్టిన గాయాలే. ఏ కంపెనీ డాంగిల్‌నైనా, ఎంత పాతదాన్నైనా పలికించే ఒకే ఒక్క డ్రైవర్ ప్రోగ్రాం రాసి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఊరికే పంచిపెట్టడం అతని పని.

ఒకరోజు ఓ కంపెనీ మనిషి తమ డాంగిల్ మెడలో వేలాడేసుకుని వచ్చాడు. "మాదాని జోలికొస్తే కోర్టుకీడుస్తాం. పాతది మూలపడితేనేగా జనం కొత్తది కొనేది!" అని నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాలేదు. దుర్వాసుడు అతని చేతిని బల్లకేసి అదిమి, మెడలోని డాంగిల్‌ను తెంచి ఆ వేళ్ళ మధ్యే పెట్టి, సుత్తి ఎత్తాడు. "ఒరేయ్, వదలరా!" అంటూ అక్క వంటింట్లోంచి వచ్చేసరికి దెబ్బ పడనే పడింది. డాంగిల్ తొడుగుతోపాటు చూపుడువేలూ చితికింది. ఆ మనిషి కేకలు పెడుతూ, చెప్పులు కూడా తొడుక్కోకుండా పారిపోయాడు. అక్క బల్ల మీది నెత్తురు తుడవబోతే అతను గుడ్డ లాక్కున్నాడు. "ఉండక్కా, చిప్పు పోతుంది!" నెత్తుట్లోంచి నల్లటి చిప్పును పట్టకారుతో ఏరి, చొక్కా అంచుతో సుతారంగా తుడిచి, వెలుతురులో దాని నంబరు చదివాడు. వెంటనే దాన్నీ డ్రైవర్‌లో చేర్చడానికి కూర్చున్నాడు.

"శత్రువుల సరుకేగా, దాన్నెందుకురా చేరదీస్తావ్?"

"దాని తప్పేముంది, పాపం. నోరు కట్టేశారు."

"మరి ఆ వేలో?"

"ఏ వేలు?" అన్నాడు, తలెత్తకుండానే.