తొలి అడుగు బెల్లం

రంగనాథానికి ఒక అలవాటుండేది. మంచాన పడ్డ రోగి లేచి తొలి అడుగు వేసిననాడు జేబులోంచి బెల్లం ముక్క తీసి, శ్రీకూర్మనాథుణ్ణి తలుచుకుని, వార్డులో అందరికీ తలా కాస్త చిదిమి పెట్టేవాడు. శ్రీకాకుళానికి ఎగువనున్న ఓ చిన్న ఆసుపత్రిలో, బిగుసుకున్న కీళ్ళు వంచి మనుషుల్ని నడిపించడం ఆయన ఉద్యోగం. అంతా కాళ్ళ మేస్టారు అనేవారు.

అరవై తొమ్మిదిలో కొండవార పల్లెల్లో నక్సలైట్ల కోసం పోలీసు జీపులు తిరుగుతున్న రోజులవి. నూకయ్య అనే రైతును మోకాలు చితికిపోగా జీపులోనే తెచ్చి దింపారు. స్టేషను మెట్ల మీంచి పడ్డాడన్నారు. ఆ స్టేషనుకు మెట్లే లేవని వార్డులో అందరికీ తెలుసు. కొండల్లోకి పోయిన బావమరిది జాడ చెప్పమని కొట్టారని కూడా తెలుసు.

కట్టు విప్పాక రంగనాథం రోజూ వేడి కాపడం పెట్టి మోకాలు వంచేవాడు. కాపలా కానిస్టేబులు సూరయ్య అతన్ని మంచానికి కట్టేసిన గొలుసును బాగున్న కాలికి మార్చి, ఒరుసుకోకుండా తన తువ్వాలు మడిచి దాని కింద పెట్టేవాడు. ఒకనాడు ఆ సూరయ్యే టీ గ్లాసు అందిస్తూ మెల్లిగా అన్నాడు:

"బాబూ, మా ఇనస్పెక్టరుగారు మీ బెల్లం సంగతి ఇన్నారు. పంచిన్నాడు కబురెట్టమన్నారు. ఈడు నడిస్తే మళ్ళీ అట్టుకెళ్ళిపోతారు."

నూకయ్య భార్య గురమ్మ బెయిలు కోసం ప్లీడరు చుట్టూ తిరుగుతోంది. అది వచ్చేదాకా వంచడం మానేస్తే కాలు కర్రలా బిగిసిపోతుంది. వంచితే నడుస్తాడు. నడిస్తే మళ్ళీ ఆ గదిలోకే. ఎటూ తేల్చుకోలేక రంగనాథం సంగతంతా నూకయ్యకే చెప్పాడు. కాలు అతనిది కదా.

నూకయ్య దుప్పటి తొలగించి మోకాలు ముందుకు జరిపాడు. "వంచీండి బాబూ. కాలు నేకపోతే నాగలెలా అట్టుకుంటాను? ఆళ్ళేటి సేస్తారో సెయ్యనీండి."

కొన్నాళ్ళకు ఒక పొద్దున, రంగనాథం భుజం పట్టుకుని నూకయ్య అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు. వార్డంతా మేస్టారి జేబుకేసే చూసింది. ఆయన చెయ్యి జేబుదాకా వెళ్ళి, ఖాళీగా వెనక్కి వచ్చింది. సూరయ్య కిటికీ వైపు తిరిగి నిలబడి, ఇంకా నడక రాలేదు కాబోలు అని గొణిగాడు.

సాయంత్రం దేవుడి ముందు దీపం వెలిగించి, పంచని బెల్లం ముక్కను రంగనాథం అక్కడ పెట్టాడు.

మర్నాడు కాపలాకి సూరయ్య రాలేదు, ఎవరో కొత్తవాడు వచ్చాడు. వాడి వెనకే ఇనస్పెక్టరు, చేతిలో కాగితం పొట్లం. కబురు ఎవరు చేరవేశారో గాని, వార్డులో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

"నిన్న మరిచిపోయారట మేస్టారూ, నేనే తెచ్చాను" అని ఇనస్పెక్టరు బెల్లం తుంచి నూకయ్య అరచేతిలో పెట్టాడు. "నడిచాడా?"

రంగనాథం నూకయ్య పక్కకొచ్చి నిలబడ్డాడు. "నడిచాడండి. పొద్దూ మాపూ వంచకపోతే మళ్ళీ బిగిసిపోద్ది. బెయిలొచ్చేదాకా నేనే స్టేషనుకొచ్చి వంచుతాను. పొద్దున సూసిన కాలుని సాయంత్రం మళ్ళీ సూస్తాను."

ఇనస్పెక్టరు ఆయన కాళ్ళకేసి నింపాదిగా చూశాడు.

"రండి మేస్టారూ. మెట్లు చూసుకుని రండి."

నూకయ్య బెల్లం తినలేదు. గురమ్మకివ్వమని రంగనాథం చేతిలో పెట్టి, కుంటుతూ జీపు ఎక్కాడు.

ఆ సాయంత్రం రంగనాథం దీపం పెట్టి, కాపడం గుడ్డలు సంచిలో సర్దుకుని, మెట్లు లేని ఆ స్టేషను వైపు నడిచాడు.