బామ్మర్ది చేతిలో తాడు

మొన్న మహబూబ్‌నగర్ కోర్టు నుంచి వస్తూ కొన్న అడవి తేనె సీసా మూత తీయగానే, తీపి కంటే ముందు పొగ వాసన తగిలింది. లింగయ్య తాత గుర్తొచ్చి, చెంచా పట్టుకుని వంటింట్లోనే కూర్చుండిపోయాను. ఆయన పోయి నాలుగేళ్లు. ఇంత బెంగ ఇంకా మిగిలి ఉందని నాకే తెలియదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, అడవుల రక్షణ నిబంధనలు మార్చడానికి వేసిన ఒక సంఘానికి నేను ముసాయిదా రాసే వకీలును. చెట్ల నరికివేత ఆగాలి, దానివల్ల గాలిలో చేరే కర్బనం తగ్గాలి. అదీ మా పని. జరిమానాలు, జైలుశిక్షలు దండిగా రాసి, వాటిని వేసే అధికారమంతా అటవీ అధికారులకే ఇచ్చి, అచ్చంపేట అవతల ఒక చెంచుపెంటలో, అంటే చెంచుల గూడెంలో, చదివి వినిపించడానికి వెళ్లాను. నా రాత మీద నాకు మహా నమ్మకం. పెంట పెద్ద లింగయ్య తాత చివరిదాకా విని లేచాడు. "నడువు బిడ్డా, తేనెకు పోతున్నం. చూద్దువు గని," అన్నాడు.

కొండ అంచు నుంచి ఆయన పెద్దకొడుకు తాడు పట్టుకుని తేనెపట్టు దాకా దిగాడు. పైన ఆ తాడు పట్టుకున్నది పెద్దకోడలి తమ్ముడు, బక్కపలచని మనిషి. కండలు తిరిగిన చిన్నకొడుకు మాత్రం పక్కన ఊరికే నిలబడ్డాడు.

"అతనికి ఇయ్యరాదా తాతా?"

"తమ్ముడు పట్టొద్దు. అన్నదమ్ముల నడుమ లోపల ఏదన్న ఉండొచ్చు. బామ్మర్దే పట్టాలె. తాడు జారితే వాని అక్క తాళి తెగుతది. గా భయమున్నోడు ఇడువడు." నా వైపు తిరిగాడు. "నీ కాయిదంల అడివిని ఎవలి చేతిల పెట్టినవ్ బిడ్డా? బదిలయి పోయెటోనికి, అడివి పోతే ఏం పోతది?"

ఆ సాయంత్రమే కొత్త నిబంధన రాశాను. ఒక్క చెట్టు కొట్టాలన్నా, ఆ అడవి మీద బతికే ఊరి గ్రామసభ ముందుగా ఒప్పుకోవాలి. తాత రెండుసార్లు చదివించుకుని, "ఖరారైనట్టేనా?" అని అడిగాడు. "కాంగనే నేనే వచ్చి చెప్త తాతా," అన్నాను.

సంఘం ఆ నిబంధనను కొట్టేసింది. జరిమానాలు మాత్రం ఒక్కటీ పోలేదు. నోరు నొప్పి పుట్టేలా వాదించి ఓడిపోయాను. ఆ మొహంతో పెంటకు వెళ్లలేక ఇవాళ రేపు అంటూ ఏళ్లు గడిపాను. తాత పోయాడని తెలిశాకే వెళ్లాను. కోడలు మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంది.

"వకీలమ్మ వచ్చిందా అని మామ రోజు అడిగేటోడమ్మా. రాలేదంటే, ఇంకా కొట్లాడుతున్నదేమో, రానియ్ తియ్, అనేటోడు."

నేనేమో ఓడిన రోజే ఆ కొట్లాట వదిలేశాను. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను.

ఇప్పుడు అడవుల గురించి ఏ ముసాయిదా చేతికొచ్చినా గ్రామసభ నిబంధనే మొదట రాస్తాను. కొట్టేస్తారు. మళ్లీ రాస్తాను. అవును తాతా, కొట్లాడుతున్నానని ఒక్కసారి ఆయన ఎదుట కూర్చుని చెప్పాలని ఉంది.