బడి ఆవరణలో నీటి వంతు

కరోనా సెలవుల తర్వాత బడులు పూర్తిగా తెరిచిన ఏడాది, జూన్ నెలలో, రాజాం వైపు ఒక ప్రాథమిక పాఠశాల పని నాకు అప్పగించారు. అప్పటికి నేను ఇంజనీరింగు విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. డ్రాయింగు వేసేది ఏఈ గారు, మంజూరు చేసేది ఆయన పైనున్న డీఈ గారు, పని డ్రాయింగు ప్రకారం జరుగుతోందా అని టేపు పట్టుకుని చూసేది నేను. నేను ఇంజనీరింగు చదవలేదు. వాలులు, కొలతలు, అంచనాలు పాత ఫైళ్లు చూసి సొంతంగా నేర్చుకున్నాను. ఏఈ గారికి చేతినిండా పని ఉండటంతో ఈసారి డ్రాయింగు కూడా నన్నే వెయ్యమన్నారు. ఆ నమ్మకానికి ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

అడిగింది ఆటస్థలం. అడిగిన వారు ప్రధానోపాధ్యాయురాలు గ్రేసమ్మ గారు. ఆ బడిలో కంప్యూటరు లేదు. రాజాంలోని ఒక ప్రైవేటు బడి బస్సు రోజూ ఊళ్లోకి వస్తుంది, దాని పక్కన కంప్యూటరు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ చూసి తల్లిదండ్రులు పిల్లల్ని మార్చేస్తున్నారు. ఇంకొందరు వెళ్లిపోతే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారు. కంప్యూటరు ఎలా ఆలోచిస్తుందో మీ పిల్లలకు ఆటలోనే చూపిస్తామని ఆవిడ తల్లులకు మాట ఇచ్చేశారు. ఆ మాట నిలబెట్టే బాధ్యత నా డ్రాయింగు మీద పడింది.

బోరింగు నుంచి నలభై అడుగుల సిమెంటు కాలవ వేశాను, ఈ చివరి నుంచి ఆ చివరికి అయిదంగుళాల వాలు. కాలవకు అడ్డంగా మూడు రేకు తలుపులు. చివర సైకిలు రిమ్ముకు డబ్బాలు కట్టిన చక్రం, అది తిరిగితే మోగే గంట. మూడు తలుపులూ ఎత్తి ఉంటేనే గంట మోగుతుంది, ఒక్కటి దించినా మోగదు. అన్ని షరతులూ కుదిరితేనే ‘ఔను’ అనడం కంప్యూటరు చేసే పనుల్లో మొదటిది. ప్రతి తలుపు పక్కన చేతులు తడుపుకోవడానికి చిన్న తొట్టి కట్టించాను. తలుపు దించితే నీరు ఆ తొట్టిలోకి మళ్లుతుంది. తొట్లు సరదాకే కదా అని వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

ఆగస్టులో డీఈ గారు తనిఖీకి వచ్చారు. చుట్టూ పొలాల్లో వరి ఊడ్పులు సాగుతున్నాయి. ఒక కుర్రాడు బోరింగు కొడుతున్నాడు. మొదటి తలుపు దగ్గర పైడితల్లి అనే నాలుగో తరగతి పిల్ల నిలబడింది. నీరు రాగానే తలుపు దించి తన తొట్టి నింపుకోవడం మొదలెట్టింది.

మూడో తలుపు దగ్గరి పిల్ల అరిచింది: “ఒసే, తలుపు తియ్యే! నా కాడికి సుక్క రాలేదు.”

“నానొగ్గను. పైమడి తడిసాకే కింద మడికి. మీ అయ్య సెప్పలేదేటి?”

“ఒలే, ఎవులో ఒకలు తియ్యండే! నా సేతులు పడిపోతన్నాయి,” అని బోరింగు దగ్గర కుర్రాడి గోల.

మొదటి తొట్టి నిండి, రెండోది సగమయ్యేసరికి వాడు చేతులెత్తేశాడు. చక్రం కదలలేదు.

“ఏటయ్యా, కంప్యూటరన్నావు, ఇక్కడ నీటి తగువు నడస్తన్నాది!” అని డీఈ గారు నవ్వారు. నవ్వు ఆగాక, వచ్చే తనిఖీ నాటికి గంట మోగకపోతే కాలవ పూడ్పించి జారుడుబల్ల పెట్టిస్తానని చెప్పారు. అప్పుడే పూడ్చమనే అధికారం ఆయనకుంది. గడువు ఇవ్వడం ఆయన మంచితనం.

తొట్లు పగలగొట్టించేస్తానని గ్రేసమ్మ గారితో అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. “తొట్లు తీసేస్తే ఆటే పోతుందండి. నీటి వంతు వాళ్ల ఇళ్లల్లో ఉన్నదే. దాన్ని మీ లెక్కలో కలపలేరా?” అని అడిగారు.

కలిపాను. తొట్ల లోతు సగానికి తగ్గించాను. బోరింగు పక్కన ఒక చెక్క పలక బిగించి వరసగా మేకులు కొట్టించాను. చక్రానికొకటి, ఒక్కో తొట్టికొకటి చొప్పున బొమ్మల బిళ్లలు చేయించాను. ముందు బిళ్లలు తగిలించాలి, ఆ వరసలోనే నీరు వదలాలి, మధ్యలో మార్చకూడదు. చెయ్యబోయే పనిని ముందే వరసగా రాసిపెట్టడాన్నే కంప్యూటరు వాళ్లు ప్రోగ్రాం అంటారు. ఏ వరస పెట్టాలో మాత్రం నేను చెప్పలేదు. గ్రేసమ్మ గారూ చెప్పలేదు.

రెండో తనిఖీకి గేటు బయట కొందరు తల్లులు కూడా నిలబడ్డారు. పిల్లలు పలక మీద పైతొట్టి నుంచి కిందికి వరస కట్టి ఉంచారు. మొదటి తొట్టే ముందు. అంతా మళ్లీ మొదటికే వచ్చిందనుకున్నాను. బోరింగు కుర్రాడు పిడి పట్టుకోబోతుండగా పైడితల్లి వాణ్ణి ఆపింది. బిళ్లలన్నీ తీసి మళ్లీ తగిలించింది. ముందు చక్రం, తర్వాత మూడో తొట్టి, రెండోది, ఆఖరున తనది.

మూడు తలుపులూ లేచాయి. నీరు నేరుగా చివరికి పోయింది. చక్రం తిరిగింది, గంట మోగింది. ఆ తర్వాత కింది నుంచి ఒక్కో తలుపూ దించుకుంటూ వచ్చారు. తొట్లు వరసగా నిండాయి.

నీది ఆఖరున ఎందుకు పెట్టావని డీఈ గారు అడిగారు.

“నాది పైమడి కదండి. నీల్లు నన్ను దాటుకునే ఎల్లాల. నానెప్పుడు తలుపేసినా నాకొస్తాది. ఆ కిందదానికి ముందియ్యకపోతే ఇంకెప్పుడొస్తాది?”

డీఈ గారు పని పూర్తయినట్టు అక్కడే సంతకం చేశారు. ఆ సంవత్సరం ఆ బడిని ఏ బడిలోనూ కలపలేదు.

ఆ తర్వాత స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునే దాకా మరికొన్ని బడుల ఆటస్థలాలకు డ్రాయింగులు వేశాను. ప్రతిచోటా ముందు పిల్లలకు నీరో ఇసుకో ఇచ్చి, వాళ్లు ఏం చేస్తారో పక్కన కూర్చుని చూశాను. టేపు ఆ తర్వాతే తీశాను.