పక్క మీద ఎండ

మా వీధిలో కరెంటు పోతే జనం నెట్టాయన దుకాణం వైపు చూస్తారు. ఇంటింటికీ ఇంటర్నెట్ తీగ లాగింది ఆయనే. ఫ్యాను లేకపోయినా ఓర్చుకుంటారు గానీ, ఫోను ఆగిపోతే మాత్రం ఆయన్ని నమిలి మింగేస్తారు. అందుకే వీధి మలుపుల్లో ఉన్న నెట్ పెట్టెలన్నిటికీ బ్యాటరీలు బిగించాడు.

ఆయనకు ప్రాణమంతా అక్క. తల్లి పోయాక సాకింది ఆవిడే. కాలు విరిగి ఆవిడ మంచాన పడ్డాక, ఎదురు గోడకు కెమెరా పెట్టాడు.

"ఏం కావాలన్నా దీన్ని చూసి పిలువక్కా. ఈ ఎర్ర దీపం వెలుగుతోందంటే నేను చూస్తున్నట్టే."

"ఎదురుగా కూర్చుంటే చూడవు గానీ, గోడలోంచి చూస్తావా?" అని నవ్విందావిడ.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. దుకాణం ముందు జనం. సందు దొరికినప్పుడల్లా ఆయన ఫోను తీసి చూసుకున్నాడు. అక్క నిద్రపోతోంది. ఒక చెయ్యి దుప్పటి మీద ఉంది. ఫ్యాను తిరగడం లేదు. కరెంటు లేనప్పుడు తిరగదు కదా అనుకున్నాడు. మళ్ళీ చూశాడు. అదే చెయ్యి, అదే దుప్పటి మడత. హాయిగా పడుకుందిలే అని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

బయట చీకటి పడ్డాక ఇంకోసారి తీశాడు. అక్క పక్క మీద ఇంకా ఎండ పడుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో కెమెరాకున్న బ్యాటరీ పాడైందని, పొద్దున మలుపులోని పెట్టెకున్నది ఊడదీసి ఇంట్లో పెట్టాడు. పెట్టెకు వేరేది బిగిద్దామనుకుని మరిచిపోయాడు. ఇంట్లో కెమెరా పనిచేస్తోంది, దుకాణంలో ఫోను పనిచేస్తోంది. మధ్యలో పెట్టె కరెంటు పోయినప్పుడే చచ్చిపోయింది. తను ఇంతసేపూ చూసింది ఫోనులో నిలిచిపోయిన మధ్యాహ్నపు అక్కని.

పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తాడు. గదంతా చీకటి. గోడ మీద ఎర్ర దీపం మాత్రం నిదానంగా వెలుగుతోంది. మంచం ఖాళీగా ఉంది. చేతిలోని ఫోనులో మాత్రం అక్క అదే మంచం మీద, ఎండలో నిద్రపోతూనే ఉంది.

గుమ్మం దగ్గర నేల మీంచి గొంతు వినిపించింది. అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు.

"పడిపోయానురా. దాన్ని చూసి పిలుస్తూనే ఉన్నాను. దీపం వెలుగుతూనే ఉంది. చూస్తూ కూడా రాలేదేంట్రా?"