చిన్నికి పది రోజుల కాపలా

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ వెనక, కరిచిన కుక్కల్ని ఉంచే రేకుల షెడ్డు. నేను డ్యూటీలో చేరిన ఉదయం అక్కడ ఉన్నవి: ఇనుప బోన్లు నాలుగు, తోలు గ్లౌజులు రెండు జతలు, మెడకు ఉచ్చు వేసే కర్ర, తూకం యంత్రం, పశువుల డాక్టర్, నేను, చిన్ని అనే లాబ్రడార్. మే నెల. పదకొండుకే లోపల నలభై ఒక్క డిగ్రీలు.

"మనిషిని కరిచింది. టీకా గడువు దాటింది. పది రోజులు చూడు. తిండి మానినా, నడక తూలినా ఫోన్ చెయ్" అన్నాడు డాక్టర్.

పది రోజులూ బాగుంటే, కరిచిన నాటికి దానికి రేబిస్ లేనట్టే. కాటు పడిన యాదమ్మ గచ్చిబౌలిలో చిన్నిని పెంచే మేడం ఫ్లాట్‌లోనే పనిచేసేది. దవాఖానలో సూదులు వేయించుకుంటోంది. ఆమె ప్రాణం మాత్రం ఈ బోను దగ్గరే ఉంది.

సైన్యంలో నాలుగేళ్లు సిగ్నల్స్‌లో ఉన్నాను. మంచు పోస్టులో ఇద్దరమే అయినా గంటకోసారి వైర్‌లెస్ సెట్‌లో ఎవరో పిలిచేవారు. ఇక్కడ రైళ్ల చప్పుడే.

తిండి మూడు వందల గ్రాములు తూచి పెట్టాను. చిన్ని ముట్టలేదు. రెండో రోజూ అంతే. నీళ్లు మాత్రం తాగింది. ఫోన్ చేస్తే, రేపటిదాకా చూద్దామన్నాడు డాక్టర్.

సాయంత్రం ఆరింటికి యాదమ్మ ఫోన్ చేసింది.

"తిన్నదా సారూ?"

"లేదమ్మా."

"ఎట్ల వెట్టినవ్?"

"గిన్నెలో."

"ఉత్తగ వెడితె అయితదా! తిను అని చెప్పాలె. చెప్పంది ముట్టది, మేడం గట్లనే నేర్పింది. ఫోను దాని చెవు కాడ వెట్టు."

పెట్టాను.

"చిన్నీ, తిను బిడ్డా. కరిచింది నువ్వు, అలిగేది గూడ నువ్వేనా?"

రెండు నిమిషాల్లో గిన్నె ఖాళీ.

ఆ తర్వాత రోజూ ఉదయం ఏడింటికి, సాయంత్రం ఆరింటికి ఆమె ఫోన్. ఆ గంటల కోసం నేనూ చూసేవాణ్ణి. ఎందుకు కరిచిందని ఎనిమిదో రోజు అడిగాను.

"మేడం జల్ది జల్ది అన్నది. అది తింటుండంగనే గిన్నె గుంజిన. తప్పు నాదే సారూ."

ఆమెను పనిలోంచి తీసేశారట.

పదో రోజు, చిన్నికి ఏ జబ్బూ లేదని డాక్టర్ సంతకం పెట్టాడు. మేడం ఫోన్ చేసింది. "మాకొద్దండీ. సొసైటీ వాళ్లు ఒప్పుకోవట్లేదు. ఎవరికైనా ఇచ్చేయండి."

యాదమ్మ చేతి కట్టుతోనే వచ్చింది. ఊచల్లోంచి రెండో చేయి పెట్టి చిన్ని తల నిమిరింది.

"నాది కిరాయి రూము. కోడిని గూడ ఉంచనియ్యరు. రేపటి సంది కొత్త పని, పొద్దుగాల ఫోను ముట్టనియ్యరంట."

ఆమె పోయేముందు, "తిను బిడ్డా" అనే ఆమె గొంతు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను.

పదకొండో రోజు ఉదయం, పది రోజుల డ్యూటీ అయిపోయి, నేను ఇంటికి బయలుదేరాలి. రైలు ఏడూ నలభైకి. ఏడింటికి గిన్నె పెట్టి రికార్డు వినిపించాను. చిన్ని ఫోన్ వైపు చూడలేదు. నిన్న ఆమె వెళ్లిన తలుపు వైపు తిరిగి కూర్చుంది. ఆ వీపు నాకిప్పటికీ కనిపిస్తుంది.

ఏడున్నరకు గిన్నె తూచాను. పెట్టిన మూడు వందల గ్రాములూ అలాగే.